చెరుకు తరగాలి, మంచు కరగకూడదు

మొన్న సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలు, నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటి వరండాలో నా పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూనే, ఫోనులో ప్రాగ్ నగరానికి డిసెంబరు టికెట్లు చూసింది. నేను గుప్పెడు పల్లీలు ఒలిచేలోగా విమానం, హోటలు, కాఫీ తాగే చోటుతో సహా అన్నీ తేల్చేసి, నన్నూ తాతయ్యనూ కూడా తీసుకుపోతానని, ఏ తారీఖైతే మాకు వీలో చెప్పమని అడిగింది. ముందు తాతయ్యకు లీవు దొరుకుతుందో లేదో కనుక్కోమన్నాను, నాకు తెలియకుండానే. పేపరు వెనక నుంచి మా ఆయన పకపకా నవ్వారు. ఆయన రిటైరై ఎన్నో ఏళ్లయింది మరి! పిల్లకేం అర్థం కాలేదు గానీ, మీలో చక్కెర ఫ్యాక్టరీ కాలనీల్లో కాపురాలు చేసినవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

అరవైల చివర్లో మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు, నేను కాలనీ బడిలో చిన్న పిల్లలకు టీచరును. లోకానికంతా చలికాలం హాయిగా ముసుగు తన్ని పడుకునే కాలమైతే మాకు అది ఊపిరి సలపని కాలం. చెరుకు బండ్లు కదిలి, పొగగొట్టం పొగలు కక్కిందంటే మళ్లీ ఎండలు ముదిరేదాకా మిల్లు రాత్రనక పగలనక ఆడుతూనే ఉండేది, మా మగవాళ్లు ఇంటికి చుట్టాల్లాగా వచ్చిపోయేవారు. అందుకే కాలనీలో పెళ్లిళ్లు, తిరుపతి మొక్కులు, పుట్టింటి ప్రయాణాలు అన్నీ మండుటెండల్లోనే జరిగేవి. మా పెళ్లిలో అయితే పెళ్లికొడుకు నుదుటి బాసికం చెమటకు నాలుగుసార్లు జారి ముక్కు మీదికి వచ్చింది. చలికాలంలో సెలవడిగినవాడి మీద ఎవరూ కోప్పడేవారు కూడా కాదు, పాపం ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు చూసేవారు.

అటువంటి మాకు చలికాలపు ప్రయాణం మీద ఆశ పెట్టింది తెల్లక్క. కొత్త యంత్రం బిగించడానికి ప్రాగ్ నుంచి వచ్చిన ఇంజనీరుగారి భార్య ఆమె. ఏడాదికి పైగా మా ఎదురింట్లో ఉన్నారు, అసలు పేరు ఎవరికీ నోరు తిరగక కాలనీ అంతా తెల్లక్క అనేది. నేను ఆమెకు సర్వపిండి నేర్పాను, ఆమె నాకు ఉన్ని అల్లడం నేర్పింది, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే కావడంతో మాటలకంటే నవ్వులే ఎక్కువగా నడిచేవి. వెళ్లిపోయేటప్పుడు తమ ఊరికి వస్తామని మా చేత ఒట్టు వేయించుకుంది. ఉండడమూ తినడమూ తమ ఇంట్లోనే, కాకపోతే రావడం మాత్రం చలికాలంలోనే రావాలి, వందల ఏళ్లనాటి తమ రాతివంతెనను మంచు కురుస్తుండగా చూడకపోతే ఆ ఊరు చూసినట్టే కాదు అన్నది. అలాంటి మంచు వంతెన బొమ్మకార్డు ఒకటి నా చేతిలో పెట్టి పోయింది. దాన్ని వంటింటి గోడకు అతికించి, తాలింపు పొగలోంచి చూసుకుంటూ రెండేళ్లు గడిపాను.

టికెట్లకు సరిపడా కూడబెట్టుకున్నాక మా ఆయన ధైర్యం చేసి ఫ్యాక్టరీ పెద్దసారును అడిగారు. ఆయన మంచి మనిషే, చెరుకంతా అయిపోయి మిల్లు ఆగిన మర్నాడే బయల్దేరమన్నారు. ఇక్కడ మిల్లు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం, అక్కడ ఫిబ్రవరి దాటితే మంచు ఉంటుందని చెప్పలేనని తెల్లక్క రాసింది. అంటే ఆ మంచు కరిగేలోగా ఈ చెరుకు తరగాలి. ఆ ఏడు వానలు ముఖం చాటేయడంతో, చెరుకు తక్కువై జనవరి మొదట్లోనే మిల్లు ఆగిపోతుందని అందరూ అనుకున్నారు, నేను ఎగిరి గంతేసి ఏర్పాట్లు మొదలుపెట్టాను.

ఆ ఏర్పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నిజామాబాద్ బజారులో ఉన్ని సాక్సులు అడిగితే దుకాణదారు ఇంట్లో ఎవరికి జ్వరమని పరామర్శించాడు. పక్కింటి ఆపా దూదేకులాయనను పిలిపించి, కొత్త దూది ఏకించి, తన పెళ్లినాటి రజాయి గుడ్డతో నాకు కోటు కుట్టింది. తొడుక్కుంటే నా రెండు చేతులూ కిందికి దిగకుండా అలాగే చాచుకుని ఉండిపోయేవి.

"మంచుల జారి పడ్డా దెబ్బ తగలది, ఫికర్ చెయ్యకు" అని ఆపా ధైర్యం చెప్పింది.

మా ఆయన మరో అడుగు ముందుకు వేశారు. చలికి అలవాటు పడాలని బకెట్టు నీళ్లు రాత్రంతా ఆరుబయట పెట్టి, తెల్లవారుజామున నెత్తిన కుమ్మరించుకుని, వారం రోజులు తుమ్మారు. కాలనీ పిల్లలందరూ బడిలో నా చుట్టూ చేరి, మంచు మన చక్కెరలాగే ఉంటుందా అని అడిగేవారు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనతో అంటే, కెమిస్టు కదా, చక్కెరకు గింజ కట్టించేది మేమే, దానికి ఎవరు కట్టిస్తారో చూసి వచ్చి చెబుతామనేవారు.

ఇంత హడావుడిలో నేను పట్టించుకోని సంగతి ఒకటుంది. మోస్రా దగ్గర మా నాన్నది, అంటే మా బాపుది, చెరుకు వ్యవసాయం. అవ్వను, అంటే మా అమ్మను, చూడటానికి పుట్టింటికి వెళ్లేసరికి, వెనకబడ్డ వానలు వెనకబడ్డట్టే వచ్చి దంచికొట్టి, బాపు చెరుకు మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తు లేచింది. గట్టు మీద నిలబడి బాపు మురిసిపోతుంటే నా ముఖం వాడిపోయింది. ఆయన కంటికి అది పడనే పడింది.

"ఏందే బిడ్డా, సెరుకు గింత మంచిగొస్తె గట్ల మొకం పెట్టినవ్?"

నాకంటే ముందే అవ్వ ఉన్నదంతా చెప్పేసింది. బాపు నవ్వి నవ్వి, తలరుమాలు విప్పి కళ్లు తుడుచుకున్నాడు.

"నా సెరుకు ఎండాలని ఎందరు దేవుళ్లకు మొక్కినవే?"

ఒట్టు, నేను ఏ దేవుడికీ మొక్కలేదు. నన్ను చదివించింది ఆ చెరుకే, దాన్ని చూస్తే నాకూ కడుపు నిండినట్టుండేది, మరుక్షణమే నా వంతెన అందకుండా పోయిందని ఏడుపొచ్చేది. అనుకున్నట్టే మిల్లు మొదలైంది, ఏప్రిల్ దాకా ఆగదని తేలిపోయింది. ఆపా కుట్టిన కోటును మడత పెట్టబోతే మడత కూడా పడలేదు, దాన్ని అలాగే పెట్టెలో కుక్కి మూత మీద కూర్చుని నేను ఏడ్చాను.

తర్వాత జరిగింది మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీవాళ్లు చెరుకు రైతును అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవారు, అలిగితే పొలంలోనే గానుగ పెట్టుకుని బెల్లం వండుకుంటాడని. మా బాపు ఉతికిన ధోవతి కట్టుకుని, తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లి నిలబడ్డాడట.

"సారూ, నా సెరుకంత మీకే ఇస్తున్న. నా అల్లున్ని ఒక్క పదిహేను దినాలు నాకియ్యుండ్రి. లేకుంటె బెల్లం వండుకుంట."

పెద్దసారు మొదట ఉలిక్కిపడి, సంగతి విన్నాక పొట్ట పట్టుకుని నవ్వి, అల్లుడి షిఫ్టు ఎవరు చూస్తారని అడిగారట. అదే గదిలో కాగితాల మీద సంతకానికి వచ్చిన ఆపా భర్త, ఆయనా కెమిస్టే, "నేను సూసుకుంట సార్, పోయి రానియ్యుండ్రి" అన్నారు. పెద్దసారు సరేనన్నారు, అన్నట్టే ఆపా భర్త ఆ పదిహేను రోజులూ రెండు షిఫ్టులు చేశారు. ఆ మేలు ఈ జన్మలో తీరదు.

జనవరిలో ఒక సాయంత్రం బోధన్ నుంచి నిజామాబాద్ స్టేషనుకు బస్సెక్కితే, రోడ్డు పొడవునా చెరుకు బండ్లు ఎదురొచ్చి బస్సు ఆగిపోయింది. రైలు తప్పిపోతుందని నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, ఆ బండ్ల వరుసలో మా బాపు బండ్లే కనిపించాయి. బాపు తన బండి మీద నిలబడి గొంతెత్తాడు.

"జర పక్కకు కొట్టుండ్రిరా, నా బిడ్డ మంచు సూడవోతున్నది!"

బండ్లవాళ్లు నవ్వుతూ ఎడ్లను పొలాల్లోకి దింపారు. బస్సు కదులుతుంటే ఒకాయన కిటికీలోంచి నా ఒళ్లో చెరుకు గడ పడేశాడు. రైలు మారి, విమానమెక్కి, చేతులు చాచుకునే ఆ కోటుతోనే నేను రాతివంతెన మీద నిలబడ్డాను. మంచు నిజంగానే కురిసింది. తెల్లక్క నా చేయి పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఆయన గడియారం చూసుకుని, బోధన్‌లో ఇప్పుడు షిఫ్టు మారే వేళ, మీ బాపు బండ్లు తూకమయ్యాయో లేదో అన్నారు.

బాపు లేడు, ఆపా భర్తా లేరు. మిల్లు మూతపడింది, ఆ పొలాల్లో ఇప్పుడు వరి. మొన్న రాత్రి భోజనాలయ్యాక మనవరాలు మళ్లీ తారీఖు అడిగింది. ఒకప్పుడు చలికాలంలో పదిహేను రోజుల సెలవు కోసం మా బాపు ఫ్యాక్టరీనే బెదిరించాడమ్మా, ఇప్పుడు చలికాలమంతా సెలవే, అడగడానికి ఎవరూ లేరు, నీకు తోచిన తారీఖు వేసెయ్యి అన్నాను. మా ఆయన ఈసారి నవ్వలేదు. మన మిల్లులో చెరుకు క్రషింగ్ మొదలయ్యే రోజు మాత్రం వద్దులే అన్నారు.