మడ నాచులో పసుపు

దయ్యాల కథలంటే నాకు నవ్వొస్తుంది. మాది గూడూరు దగ్గర పల్లెటూరు, తాతల నాటి నుంచీ చర్చికి వెళ్లే ఇల్లు. పోయినవాళ్లు ప్రభువు దగ్గర హాయిగా ఉంటారనీ, మన మధ్య తిరుగుతూ కూర్చోరనీ చిన్నప్పుడే నేర్పారు. పైగా నేను చదివింది కెమిస్ట్రీ. అటూ ఇటూ రెండు తలుపులకూ గడియ పెట్టినట్టే లెక్క. అయినా ఈ సంగతి రాస్తున్నాను.

నా పరిశోధన సముద్రపు నాచు మీద. దివిసీమలో పాయల పక్కన మడ చెట్ల వేళ్లకు ముదురు ఎరుపు నాచు ఒకటి పట్టి ఉంటుంది. ఉడికిస్తే జిగురు దిగుతుంది. ఆ జిగురంతా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్న చక్కెరలే. పుస్తకాల్లో వాటిని పాలిశాకరైడ్లు అంటారు. ఆ గొలుసును తుంచి, ముక్కల బరువులు తూచి, ఏ చక్కెర పక్కన ఏముందో తేల్చడం నా పని. తూచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. అది నేను మెట్టిన బందరులో లేదు. హైదరాబాద్ వెళ్లి వంతు కోసం కాచుకోవాలి.

ఆ యంత్రానికి ఉప్పు గిట్టదు. ఉప్పు మిగిలితే అందులోని సోడియం ప్రతి ముక్కకూ అంటుకుని బరువులన్నీ కలగాపులగం అయిపోతాయి. సముద్రంలో పుట్టినదానికి ఉప్పు వదిలించడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

ఇది తెలియని మనిషి మా ఇంట్లో ఒక్కరే, మా అత్తయ్య. రోజూ పొద్దున్నే గిలకలదిండి చేపల రేవుకు వెళ్లి, వేలంపాట దగ్గర నిలబడి, తనే చేపలు ఎంచుకుని తెచ్చేవారు. నేను మొదటిసారి తెచ్చిన నాచును డాబా మీద ఆరబెట్టి కాలేజీకి వెళ్తే, సాయంత్రానికి దాన్ని కల్లుప్పూ పసుపూ వేసి చేపల్ని తోమినట్టు తోమి పెట్టారు. కోడలికి సాయం చేశానన్న సంతోషం ముఖంలో వెలిగిపోతోంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

“అత్తయ్యా, ఉప్పు తగిలితే ఆ మెషీన్ పనిచెయ్యదండీ.”

“సముద్రంలోంచి వచ్చినదాన్ని ఉప్పూ పసుపూ రాయకుండా ఇంట్లో ఎట్టా పెట్టుకుంటామే? నీచు వాసనెట్టా పోద్ది?” కాసేపు ఆలోచించి ఒక మెట్టు దిగారు. “సరే, ఈసారి ఉప్పెయ్యన్లే. మాటిచ్చా. పసుపు లేకుండా మాత్రం నా వల్ల కాదు.”

ఆ తర్వాత నేను నాచును ఆవిడ కంట పడనివ్వలేదు. ఈ మాట మాత్రం ఇంట్లో సామెత అయిపోయింది. ఎవరు రాజీకొచ్చినా “ఉప్పెయ్యన్లే” అనేవాళ్లం. ఆ ఏడు చివర్లో అత్తయ్య నిద్రలోనే వెళ్లిపోయారు. చాలా రోజులు మా ఇంట్లో చేపలు వండలేదు.

మరుసటి వర్షాకాలం నా థీసిస్ పీకల మీదకొచ్చింది. అప్పటికి నా దగ్గర మిగిలింది చివరిగా తెచ్చిన ఒక్క విడత నాచే. కృష్ణకు వరదొచ్చి పాయల్లో మంచినీళ్లు నిండడంతో నాచు చచ్చి మడ వేళ్లు బోసిపోయాయి. ఇక మళ్లీ పట్టేదాకా దొరకదు. యంత్రం దగ్గర నా వంతు దగ్గర పడింది. అది తప్పితే గడువు దాటిపోతుంది, ఇన్నేళ్ల చదువూ గట్టెక్కదు.

సరిగ్గా అప్పుడే గుడివాడలో మా వదినగారింట కొత్తింటి ప్రార్థన. ఎండ బాగుందని నాచును డాబా మీద పాత వలపై పరిచి, ఇల్లు తాళం వేసి, పొద్దున్నే మా ఆయనా నేనూ బయల్దేరాం. పాస్టరు గారు ఆమెన్ అన్నారో లేదో, ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. బిర్యానీ ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. వాననీళ్లలో నానితే జిగురు కారిపోతుంది, మిగిలింది కుళ్లిపోతుంది.

“బందర్లో పడుండదులే, తిను,” అన్నారు మా ఆయన. బందర్లో పడింది. మేము దిగేసరికి వీధుల్లో మోకాలి లోతు నీళ్లు.

డాబా మీద వల ఖాళీగా ఉంది. తూములో వెతికాను, ఒక్క పోగు లేదు. కిందకొచ్చి కూలబడితే, మా ఆయన వెనక వరండాలోంచి పిలిచారు. అక్కడ దూలానికి ఒక మూట వేలాడుతోంది, పిల్లికి అందకుండా. ఎండు చేపల మూటను అత్తయ్య కట్టేది అక్కడే. గుడ్డ ఆవిడ పాత చీర ముక్క. విప్పితే లోపల నాచు, గలగలలాడుతూ ఎండి ఉంది.

తాళం వేసింది వేసినట్టే ఉంది. డాబాకు మెట్లు ఇంట్లోంచే. మా ఆయన నాతోనే ఉన్నారు. పైగా పుట్టి బుద్ధెరిగాక ఆయన దండెం మీంచి ఒక్క బట్ట తీసినవారు కాదు. పక్కింటి పిన్నిగారిని అడిగాను.

“నేనెక్కడ తీశానమ్మా? మా దుప్పట్లే తడిసి ముద్దయిపోయినయ్,” అన్నారావిడ.

ఎవరో పుణ్యాత్ములు అనుకుని ఊరుకున్నాను. ఎగిరి గంతేసే సంతోషంలో ఆరాలు ఎవరికి కావాలి? చేతి తొడుగులు వేసుకుని ల్యాబులో దాన్ని శుద్ధి చేశాను. ఆల్కహాల్‌తో రంగులు కడిగాను. జిగురు తీసి, ముక్కలు చేసి హైదరాబాద్ పట్టుకెళ్లాను.

యంత్రం చూసే మేడమ్ తెర వైపు వంగి, “ఇంత శుభ్రమైన శాంపిల్ ఈమధ్య చూళ్లేదండీ, ఉప్పు జాడే లేదు,” అన్నారు. ముక్కల బరువులు చూపే గీతలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడి ఉన్నాయి. నా గొలుసు తేలిపోయింది. ఇన్నేళ్లలో అంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు.

“ఇదొక్కటి అర్థం కావడం లేదు,” అంటూ ఆవిడ ఒక చిన్న గీతను చూపించారు. బరువు 367 దగ్గర ఉంది. చక్కెర కాదు. కంప్యూటర్లో వెతికితే వచ్చిన పేరు కర్కుమిన్, అంటే పసుపు. “నాచుతో పులుసు గానీ పెట్టారా?” అని నవ్వారు.

నాచు లేని ఉత్త ద్రావకం పెట్టి చూశాం, ఆ గీత లేదు. మంగినపూడి ఒడ్డున ఏరిన పచ్చ నాచును పోలిక కోసం దీనితోపాటే అవే గిన్నెల్లో సిద్ధం చేసి తెచ్చాను, అందులోనూ లేదు. మూటలోని నాచును కడగకుండా కాస్త విడిగా తెచ్చాను. అందులో ఉంది, ఇంకా బలంగా.

బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. ఉప్పు లేదు, పసుపు ఉంది అని చెప్పాను. ఆయన పగలబడి నవ్వడం మొదలుపెట్టారు.

“అమ్మ మాట తప్పలేదు చూడు,” అన్నారు.

కారిడార్లో నిలబడి నేనూ నవ్వాను, ఏడ్చాను. ఆ ఆదివారం మా ఇంట్లో మళ్లీ చేపల పులుసు వండాం.

డిగ్రీ వచ్చింది. ఆ మూట ఎవరు కట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. అత్తయ్యే అనడానికి నా నమ్మకం ఒప్పుకోదు, నా చదువూ ఒప్పుకోదు. కాదనడానికి నా దగ్గర ఇంకో సమాధానం లేదు. థీసిస్‌లో ఆ చిన్న గీత పక్కన ‘ఇంటి వాతావరణం వల్ల కలుషితం’ అని రాశాను. ఎవరూ ఏమీ అనలేదు.

అత్తయ్య చూస్తే మాత్రం ఊరుకోరు. “పసుపేస్తే శుభ్రమవుద్ది గానీ, కలుషితం ఎట్టా అవుద్దే?” అంటారు.