ఖాళీ గంప

పాల్వంచ అవతలి ఆ ఇనుప ఫౌండ్రీలో రేకుల షెడ్డు నీడ ఎవరికి దక్కాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. మేనేజరు గారి కారుకే! కరిగిన ఇనుము పోసే అచ్చులకు వాడే ఇసుక మాత్రం గేటు పక్కన ఎండలో పడి ఉండేది. ఇసుకకేం, రంగు వెలుస్తుందా?

అచ్చులు చేసే భద్రుది టేకులపల్లి దగ్గర తండా. ఇసుకను గుప్పిట్లో పిసికి, విరిచి చూసి, తడి చాలిందో లేదో చెప్పేస్తాడు. గేటు నుంచి అచ్చుల దాకా నలభై అంగలు, నెత్తిన గంప, రోజుకు వంద సార్లు. పదహారేళ్లుగా ఇదే వరస. ఎండకు కుప్ప ఆరిపోయేది, పోత పోసిన ఇనుములో గుంటలు పడేవి, తిట్లు భద్రుకు పడేవి. పొద్దున్నే భార్య జమ్లి చెయ్యందిస్తే గాని మంచం దిగలేడు. నడుము పోతే పని పోతుంది. అతని భయమంతా అదొక్కటే.

రెండు వేల ఆరు వేసవిలో హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు దిగాడు. పని తీరు, నాణ్యత, నడుము నొప్పి, అన్నీ ఒక్క దెబ్బకు బాగు చేస్తాడట! మూడు రోజులు స్టాప్‌వాచీ పట్టుకుని భద్రు వెనకాలే తిరిగాడు. పాపం, ఒట్టి చేతులతో నడిచినా ఆయనకే కాళ్లు పీకాయి. ఆఖరికి మేనేజరు ముందే అడిగాడు.

"ఏం చేస్తే నీ నడుముకు సుఖమయ్యా?"

"గా కారు జరిపి, ఇసుక షెడ్డు కిందికి తేండ్రి సారూ. తడి ఆరది, నాకు నడక తప్పుతది," అన్నాడు భద్రు.

అడిగారు కదా అని నిజం చెప్పేయడమేనా? మేనేజరు మొహం మాడిపోయింది. నిపుణుడు రాసుకున్నది కాస్తా కొట్టేశాడు.

నెల తిరిగేసరికి మార్పు వచ్చింది. కుప్ప కదిలిందనుకున్నారా? ఎంత అమాయకులండీ! పోస్టరు వచ్చింది. 'నడుము నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి, బరువు ఎత్తండి.' బొమ్మలో మనిషి భద్రే. చేతికి ఖాళీ గంప ఇచ్చి, నవ్వమని ఫోటో తీశారు. ఫోటో కోసం వంచిన మోకాళ్లు మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. అది చూసి, పనికి పనికిరాడని రాసి పంపేశారు. అలా ఆ ఫౌండ్రీలో నడుము నొప్పి అనేదే లేకుండా పోయింది.

బూట్లు అప్పజెప్పడానికి వచ్చిన రోజు, భద్రు గేటు దగ్గర ఆ పోస్టరు ముందు ఆగాడు. తన చోట చేరిన బద్యా, తమ తండావాడే, బొమ్మను చూసుకుంటూ మోకాళ్లు వంచి నిండు గంప పట్టుకున్నాడు. భద్రు బొమ్మలోని మనిషి మీద వేలు పెట్టాడు.

"వాన్ని చూసి ఎత్తకు బద్యా," అన్నాడు. "వానిది ఖాళీ గంప."