కోడికి కోపం ఉన్నప్పుడే

మా ఇంట్లో అందరికీ కోపం ముక్కు మీదే ఉండేది. నాన్న కంచం విసిరేవాడు, నాయనమ్మ నోరు పారేసుకునేది. అమ్మ మాత్రం పళ్ళు బిగించి పని చేసుకుపోయేది, ఆవిడ కోపం అంట్ల గిన్నెల మోతలో వినపడేది. నందిగామ దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి గొడవ వినపడని రోజున మేం ఊరెళ్ళామేమో అనుకునేవాళ్ళు. నాకూ ఆ కోపమే వచ్చింది, దాచుకోను.

యాభైల చివర్లో జగ్గయ్యపేటలో అమ్మమ్మ పోయింది. దినం అయ్యాక మేనమామలు ఇత్తడి బిందె ఇస్తామన్నా, పట్టుచీర ఇస్తామన్నా అమ్మ వద్దంది. అమ్మమ్మ పెంచిన ఎర్ర పెట్ట ఒక్కటి చాలంది. దాన్ని గంపలో పెట్టుకుని బస్సెక్కింది. ఆ ఎండాకాలం కొక్కెర తెగులొచ్చి ఊళ్ళో సగం కోళ్ళు మెడలు వాల్చి చచ్చాయి. మా పెరట్లో మిగిలింది ఆ పెట్ట ఒక్కటే. జగ్గయ్యపేటలో అయితే అసలేమీ మిగల్లేదు. తొలకరికి అది పొదిగి పిల్లల్ని చేసింది. చాలా నెలల తర్వాత అమ్మ నవ్వడం ఆ రోజే చూశాను. అమ్మమ్మ కోళ్ళ సంతతి నిలవాలంటే ఇక ఆ పిల్లలే దిక్కు.

వాటిని బయటికి ఎప్పుడు వదలాలన్న దగ్గర రేగింది అత్తాకోడళ్ళకి. పెరటి వెనక తాటిచెట్టు మీద గద్దల కాపురం. తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసిపెట్టి, రెక్కలకి ఈకలు నిండితే గానీ ఎత్తనని అమ్మ. కాళ్ళు నిలదొక్కుకున్నాయి, ఎండ కాసే పూట కాసేపైనా తల్లితో తిరగనిమ్మని నాయనమ్మ. ఈకలు చూసి గద్ద భయపడుతుందా అని వెక్కిరించేది. ఒక పొద్దున ఆవిడే గంప ఎత్తబోతే అమ్మ పరుగున వచ్చి మణికట్టు పట్టి విదిలించింది. నాయనమ్మ పడబోయి గోడ పట్టుకుంది. అత్త మీద కోడలు చెయ్యి వేయడం మా ఇంట్లో అదే మొదలు. నాన్న చేతిలోని మజ్జిగ చెంబు వెళ్ళి గోడకి తగిలింది. నాయనమ్మ తిట్టలేదు. అందుకే నాకు భయం వేసింది.

"దానికి కోపం ఉన్నప్పుడే వదలవే," అంది అమ్మతో. "ఇప్పుడు పిల్ల జోలికొస్తే ఏనుగునైనా పొడుస్తది. ఆ కోపం చల్లారాక పిల్లేదో గద్దేదో దానికి పట్టదు."

అమ్మ వినలేదు. జొన్న నూకలు, చేలగట్ల మీద తవ్వుకొచ్చిన చెదలు తన చేత్తోనే పెట్టేది. ఆవిడ అడుగుల చప్పుడుకే పిల్లలు గంప కింద కీచుమనేవి. పెట్ట మొదట్లో గంపని పొడిచేది, తర్వాత మానుకుంది. దాని తురాయి మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ గుడ్డుకొస్తోంది, ఇక పిల్లలు దానికి పరాయివేనని నాయనమ్మ గొణిగింది.

పిల్లలకి తోకలు కూడా వచ్చాక అమ్మ గంప ఎత్తింది. పెట్ట బయటికి దూకి రెక్కలు దులుపుకుంది. పిల్లలు వెంటపడ్డాయి. అది వెనక్కి తిరిగి ముందున్న పిల్లని నెత్తిన పొడిచింది. పొరపాటనుకున్నాం. కోడి తొక్కితే పిల్ల చస్తుందా అంటారు గదా! ఇది తొక్కడం కాదు. కాలి కింద అదిమిపెట్టి, కన్ను పోయేదాకా, నెత్తి ఎముక తేలేదాకా పొడిచింది. అమ్మ అదిలించేలోపే ఆ పిల్ల కాళ్ళు బారజాపేసింది. మిగతావి చెల్లాచెదరయ్యాయి. అప్పుడే తాటిచెట్టు మీంచి గద్ద దిగి ఒకదాన్ని తన్నుకుపోయింది. పెట్ట కనీసం అరవలేదు. దాని పాటికది గింజలు ఏరుకుంటోంది. నాకు ఇప్పటికీ ఆ కోడి మీద కోపమే.

అమ్మ ఒక్క అంగలో వెళ్ళి దాని రెండు కాళ్ళూ పట్టుకుని రోటికేసి కొట్టింది. మొదటి దెబ్బకే మెడ వేలాడింది. ఆవిడ ఆగలేదు. రోలు ఎర్రబడింది, నా పరికిణీ మీదికి నెత్తురు చిందింది. నాన్న గుమ్మంలో నిలబడిపోయాడు. అంత కోపం ఆయన దగ్గర కూడా లేదు. చేతులు పడిపోయాక అమ్మ ఆగి, చేతిలో ఉన్నదేమిటో అప్పుడు చూసుకుంది.

"మా అమ్మ కోడిని చంపేసా అత్తయ్యా," అంది.

నాయనమ్మ దడిలోంచి కర్ర ఊడబెరికి అమ్మ చేతిలో పెట్టింది. "ఏడుపు తర్వాత. పైకి చూడు. రుచి మరిగింది, మళ్ళీ వస్తది."

వచ్చింది. రోజూ తిండి పెట్టిన మనిషి గనక పిల్లలన్నీ అమ్మ కుచ్చిళ్ళ కిందికి దూరాయి. గద్ద అక్కడికే దిగింది. అమ్మ కర్ర గురి తప్పింది. గోళ్ళు ఆవిడ ముంజేతిని మోచేతి దాకా చీరేశాయి. రెండో దెబ్బ రెక్కకి తగిలింది. కిందపడి కొట్టుకుంటున్న గద్దని అమ్మ కర్రతో, నాయనమ్మ రోకలితో, అది నేలకి అంటుకుపోయేదాకా బాదారు. వాళ్ళిద్దరూ కలిసి ఒక పని చేయడం నేను చూసింది అదే మొదటిసారి.

అమ్మ వేళ్ళ చివర్ల నుంచి నెత్తురు కారుతోంది. నాయనమ్మ పాత చీర చింపి, పసుపు తెచ్చి, లోపలికి రమ్మని పిలిచింది. అమ్మ కదల్లేదు. తాటిచెట్టు మీద రెండో గద్ద అరుస్తోంది. నాయనమ్మ ఈసారి గట్టిగా కసిరింది.

"పిల్లలు బయటున్నయ్ గదా అత్తయ్యా," అంది అమ్మ, పైకి చూస్తూనే. "నేను లోపలికెట్టా వస్తా?"