థిన్నర్ గదిలో తిరుగుతున్న మోటార్

నాది చాంద్రాయణగుట్టలో మోటార్ వైండింగ్ షాపు. వెనక గల్లీలో ఒక పెద్దాయన, భాయ్ అని పిలిచేవాళ్లం, థిన్నర్ కలిపి రంగుల దుకాణాలకు అమ్మేవాడు. డ్రమ్ములో థిన్నర్ కలపడానికి ఆయన గదిలో ఉండేది ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్. లోపల రవ్వ పుట్టినా, ఆ మంట గదిలోని థిన్నర్ ఆవిరికి అంటుకోకుండా దాని మందపాటి ఇనుప కవచం ఆపుతుంది. అది కాలిపోతే నా దగ్గరికి తెచ్చాడు. బాగయ్యేదాకా పని ఆపమన్నాను.

రిపేరయ్యాక ఆటోలో వేసుకుని వెళ్లాను. గల్లీలో దిగేసరికే ముక్కు మండింది. గదిలోంచి మోటార్ మోత. ఆయన మోటార్ ఆటోలో ఉంటే అక్కడ తిరుగుతున్నదేమిటి?

గుమ్మం దాకా పరుగెత్తాను. ఇంట్లో నీళ్లు తోడే మామూలు మోటార్‌ను తెచ్చి బిగించారు. డ్రమ్ము ఒరిగి, థిన్నర్ నేలంతా పారుతోంది. అక్కడ పనిచేసే అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడమీది స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"ముట్టకక్కా! స్విచ్ ముట్టకు!"

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "బంద్ చెయ్యొద్దా అన్నా? తిర్గుతున్నది గదా!"

"తిర్గనియ్. స్విచ్ కొడితే రవ్వ వస్తది. ఏది ముట్టకుండ బయటికి రా."

తడి నేలమీద చెప్పులు జారుతుంటే ఒక్కో అడుగే వేసింది. ఆ మోటార్ లోపల కూడా రవ్వలు రాలే చోటుందని ఆమెకు చెప్పలేదు. అందగానే మణికట్టు పట్టి బయటికి లాగాను.

కేకలు విని భాయ్ మేడ దిగి వచ్చాడు. "క్యా హువా?"

"మెయిన్ ఎక్కడున్నది భాయ్?"

"గల్లీ మొదట్ల, మీటర్ కాడ."

"ఉరికి బంద్ చెయ్యి!"

ఆయన అటు పరుగెత్తాడు. నేను ఎదురుగా ఉన్న చాయ్ బండివైపు ఉరికి పొయ్యి ఆర్పించాను. మోత సన్నగిల్లింది. ఆగింది. ఏమీ కాలేదు.

అక్క గోడకు ఆనుకుని కూలబడింది. "పొద్దుగాల పిల్లను కసిరి వచ్చిన," అంది, ఎవరితోనో అన్నట్టు.

భాయ్ నీళ్లు తెచ్చి తన చేత్తోనే ఇచ్చాడు. "ఆర్డర్ ఉన్నదని తొందరపడ్డ బేటీ. మాఫ్ చెయ్."

"ఇంకోపారి గిట్ల పెడితే నేను రాను భాయ్."

నేలమీద ఇసుక పోసి, తలుపులు బార్లా తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా అందరం గల్లీలోనే ఉన్నాం. మర్నాడు కరెంటు తీయించి బాగుచేసిన పాత మోటార్ బిగించాను. అక్క నా చేతిలోంచి స్పానర్ తీసుకుని, కవచం చుట్టూ ప్రతి బోల్టూ తనే తిప్పి చూసింది. ఏదీ కదల్లేదు. అప్పుడు కొంగు నడుముకు చెక్కుకుని పనిలోకి దిగింది.