అత్తగారి ఏడో నోటుపుస్తకం

మూడో అంతస్తులో అందరూ ఆవిణ్ని అత్తగారనే పిలిచేవారు. నిజానికి ఆవిడకి కోడలు లేదు. ఉన్న ఒక్క కొడుకూ ఇంకా కాలేజీలో చదువుతున్నాడు. కానీ ఎవరు ఏ ప్రోగ్రాం రాసి తెచ్చినా వంక పెట్టకుండా వదలదు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. వంకలు పెట్టడమే ఆవిడ ఉద్యోగం మరి. జీతమిచ్చి మరీ వంకలు పెట్టించుకునే ఇల్లు ఎక్కడా ఉండదు కానీ, అలాంటి ఆఫీసులు మాత్రం ఉన్నాయి.

ఆ ఆఫీసులో తయారుచేసేది డేటాబేస్ సర్వర్. ఆస్పత్రులూ బళ్లూ దుకాణాలూ తమ వివరాలన్నీ అందులో దాచుకుంటాయి, కావలసినప్పుడు అడిగి జవాబు చెప్పించుకుంటాయి. చిక్కేమిటంటే, అందులో ఎవరు ఒక మూల చెయ్యి పెట్టినా ఇంకో మూల ఏదో చెడుతుంది. అందుకని ఎవరేం మార్చినా సర్వర్‌ని పాత ప్రశ్నలన్నీ మళ్లీ అడిగి, ఇదివరకు దాచిన జవాబులతో పోల్చి చూస్తారు. రిగ్రెషన్ టెస్టులంటే ఇంతే. జవాబు కలిస్తే తెర మీద పచ్చ గీత, కలవకపోతే ఎర్ర గీత. అలాంటివి నాలుగు వేలు. వాటిలో సగం అత్తగారు రాసినవే.

ఆవిడకో పట్టుదల ఉంది. కొత్త టెస్టుకి జవాబు ముందు నోటుపుస్తకంలో చేత్తో లెక్క కట్టి, ఆ తర్వాతే సర్వర్‌ని అడిగేది. రెండూ కలిస్తేనే రికార్డ్ బటన్ నొక్కేది. ఆ బటన్ నొక్కితే సర్వర్ ఏం చెబితే అదే సరైన జవాబుగా నిలిచిపోతుంది. "పిల్లాడి పేపరు చూసి జవాబుల కాగితం తయారుచేస్తామా?" అని కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటిరోజే తలంటి పంపేది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో నోటుపుస్తకాలు ఇరవై మూడయ్యాయి. అవన్నీ ఆవిడ సొరుగులోనే ఉంటాయి. ఇంకొకరి చెయ్యి వాటిమీద పడనిచ్చేది కాదు.

ఆరునెలల కిందట పక్క సీట్లో ఒక అమ్మాయి చేరింది. ఇంకేముంది, అందరూ ఆ అమ్మాయిని కోడలన్నారు. పని బాగానే వచ్చు కానీ నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పటికే రెండుసార్లు ఆమె చేసిన మార్పులకి ఎర్ర గీతలు వచ్చాయి. "మూడోసారి కూడా వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా" అని మేనేజరు చెప్పేశాడు. ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో శుక్రవారం తేల్చాలి.

బుధవారం పొద్దున్న మూడోది వచ్చింది. కోడలు సగటు కట్టే భాగాన్ని సరిచేసింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది ఆరొందల పన్నెండో టెస్టు. అయిదుగురు మనుషులు, నలుగురి వయసులు ఇరవై, ముప్పై, ముప్పై, నలభై, అయిదోవాడి గడి ఖాళీ. సగటు వయసెంత? దాచిన జవాబు ఇరవై నాలుగు. ఇప్పుడు సర్వర్ ముప్పై అంటోంది.

అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "సగటు కట్టడం కూడా చెడగొట్టారు. ఈ మార్పు వెనక్కి తీసుకోండి" అని తెర మీద ఆ మార్పు కిందే రాసిపారేసింది. అలా రాసింది అంతస్తులో అందరికీ కనబడుతుంది.

కోడలు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. "కాగితం మీద చేసి చూశానండీ. నాకు ముప్పయ్యే వస్తోంది."

"నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు రాసిన టెస్టు అది. దానికి లెక్కలు రావంటావా?"

ఆ అమ్మాయి కాగితం అక్కడే వదిలేసి వెళ్లి, చేసిన మార్పును తీసెయ్యడం మొదలుపెట్టింది. మధ్యమధ్య చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది.

అది చూశాక అత్తగారికి మనసొప్పక కాగితం చేతిలోకి తీసుకుంది. నూట ఇరవై, భాగించు నాలుగు, ముప్పై. వయసు తెలియనంత మాత్రాన మనిషి వయసు సున్నా అయిపోదు, వాణ్ని లెక్కలోంచి పక్కన పెట్టాలి. ఈ ముక్క అందరికీ నేర్పేది తనే! సొరుగు లాగి ఏడో నోటుపుస్తకం తీసింది. పేజీలో టెస్టు నంబరు ఉంది, తేదీ ఉంది, వయసులు ఉన్నాయి. కిందంతా ఖాళీ. ఆ తేదీ చూడగానే అంతా గుర్తొచ్చింది. లెక్క మొదలుపెడుతుండగా బడి నుంచి ఫోను వచ్చింది, కొడుకు మెట్ల మీంచి పడ్డాడని. సర్వర్ ఎలాగూ సరిగ్గానే చెబుతుందిలే అనుకుని రికార్డ్ బటన్ నొక్కి పరుగెత్తింది. వాడి గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. అక్కడ ఇప్పటికీ గడ్డం మొలవదు.

ఆవిడా మనిషే. పుస్తకం సొరుగులో పెట్టి మూసేసింది. కోడలు మార్పు తీసేస్తే మళ్లీ పచ్చ గీత వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అంతలో మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. కోడలు లేచి, వెళ్లేముందు బల్ల మీది సామానంతా సంచిలో సర్దుకుంది. నాలుగు పెన్నులూ, ఒక నీళ్ల సీసా. అత్తగారు మళ్లీ సొరుగు తెరిచింది.

"మూడోసారి కదమ్మా..." అని మేనేజరు నీళ్లు నములుతుంటే, అత్తగారు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.

"తప్పు టెస్టుదండీ. లెక్క కట్టకుండా రికార్డ్ చేసింది నేను. పద్నాలుగేళ్లుగా తప్పుకి కాపలా కాశాను. ఈ అమ్మాయి దాన్ని సరిచేస్తే ఈమెనే తిట్టాను."

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలెండి, జవాబు మార్చేసి ఊరుకుందాం. ఈ మాట అందరికీ చెప్పడమెందుకు?"

"తిట్టింది అందరి ముందు కదండీ."

వెళ్లి, తను రాసినదాని కిందే రాసింది. "టెస్టు తప్పు. మార్పు సరైనదే. నన్ను క్షమించాలి."

శుక్రవారం కోడలి ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉత్తర్వు చేతికొచ్చాక అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ రోజు ఏమైందండీ?" అని అడిగింది. అత్తగారు చెప్పింది, కుట్లతో సహా.

"అలాంటప్పుడు ఎవరైనా అంతేనండీ. పిల్లాడు పడితే పరుగెత్తరా?"

"పరుగెత్తడం తప్పు కాదమ్మా. పద్నాలుగేళ్లలో ఒక్కరోజైనా తిరిగొచ్చి ఆ పేజీ చూసుకోలేదు. తప్పు అక్కడుంది. ఇంకెన్ని అలా ఉన్నాయో, నేనొక్కదాన్నే చూస్తే నా కళ్లకి కనబడవు."

అని ఇరవై మూడు పుస్తకాలూ తీసి ఆ అమ్మాయి ముందు పెట్టింది. ఏడోదాన్ని తెరిచి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది. కోడలు ఆ ఖాళీలో లెక్క మొత్తం కట్టి, ముప్పై అని రాసి, కింద గీత గీసింది.

"సంతకం కూడా పెట్టు" అంది అత్తగారు.