అయ్యగారు అడిగిన రాష్ట్రం

మొన్న మే నెలాఖరున మా చర్చి యువజనులు నలుగురు, కొత్తగా వచ్చిన చిన్న వయసు పాస్టరును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. జూన్ రెండున చర్చి ఆవరణలో సభ పెడుతున్నారట. కట్టబోయే ఫ్లెక్సీని ఫోన్లో చూపించారు. పైన పెద్ద అక్షరాలతో "రాష్ట్ర సాధనలో క్రైస్తవ విశ్వాసం" అని ఉంది, కింద గుండ్రటి చట్రంలో మా బాపు ఫొటో ఉంది. అరవైతొమ్మిదిలోనే మా మానుకోట చర్చి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉపవాస ప్రార్థన చేసిందనీ, దాన్ని పెట్టించింది మా బాపేననీ, ఆయన కూతురిగా వేదికెక్కి నేను రెండు మాటలు చెప్పాలనీ అడిగారు. రిటైరైన టీచర్లు మాట్లాడమంటే వద్దనరని వాళ్ళ ధీమా. మామూలుగా అది నిజమే, మైకు చూస్తే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ రోజు మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పి, చాయ్ తాగించి పంపించాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ ప్రార్థన గురించి మాట్లాడటానికే నాకు ముఖం చెల్లదు.

ఆ రోజుల్లో మా చర్చి అంటే బెంగుళూరు పెంకుల కప్పు, సున్నం కొట్టిన నాలుగు గోడలు, నేల మీద ఈత చాపలు. గంట కొనే తాహతు లేక వేపచెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడదీసి దాన్నే కొట్టేవాళ్ళం. రైలు ఊరు కదా, దానికి మాత్రం కరువు లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు, కృష్ణకు అవతలి ఏదో పల్లె నుంచి పెళ్ళైన కొత్తలోనే ఇక్కడికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. హార్మోనియం వాయిస్తే తాళం తప్పేవారు, తప్పినప్పుడు తనే ముందు నవ్వేవారు. పిల్లలు ముగ్గురూ ఇక్కడే పుట్టారు. మా మాటలు నేర్చుకోవాలని ఆయనకు మహా సరదా. దవాఖాన, పరేషాన్ అంటూ మొదలుపెట్టి చివర ఒక "అండీ" తగిలించేసరికి ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు.

ఆ "అండీ"ని మేం ఎగతాళి చేశాం గానీ, మా నాయినమ్మ చెయ్యలేదు. మాది ఊరి చివరి వాడ. నాయినమ్మ పుట్టినప్పటి నుంచి దొరల గడీల్లో, పటేండ్ల పొలాల్లో "ఏమే" అనిపించుకుంటూ ముసలిదైంది. మొదటి ఆదివారం అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి, చేతులు జోడించి, "బాగున్నారా అమ్మా, మీరు ఎప్పుడూ వచ్చి ముందు కూర్చోవాలి" అన్నారట. ఆమె వెనక్కి తిరిగి చూసిందట, తన వెనక ఎవరైనా పెద్దింటామె ఉందేమోనని. బాప్తిస్మం తీసుకున్న సంగతి ఎన్నడూ చెప్పని మా నాయినమ్మ, ఈ ముచ్చట మాత్రం చనిపోయేదాకా చెబుతూనే ఉంది.

అయ్యగారికి జీతమంటూ పెద్దగా ఏమీ రాదు. మా సంఘాల్లో ఒక ఆచారం ఉంది, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ, కడగక ముందే ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూటగట్టి తెచ్చి, ప్రసంగ పీఠం ముందున్న గంపలో పోస్తారు. అదే అయ్యగారి ఇంటి వారం గ్రాసం. ఒకరివి లావు బియ్యం, ఒకరివి సన్నవి, ఒకరివి నూకలు, అన్నీ ఒకే గిన్నెలో పడేవి. "మా ఇంట్లో అన్నం అచ్చం మన సంఘమే, కొందరు ఉడికారు, కొందరు ఇంకా ఉడకలేదు" అని ఆయన పీఠం మీద నుంచే అనేవారు. ఉడకనివాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

అరవైతొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, పిల్లలు పట్టాల మీద కూర్చుంటే రైళ్ళు ఆగిపోయాయి. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, టీచర్ ట్రైనింగ్ మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఉన్నాను. బాపు పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఆయనకు రావలసిన కుర్చీలో, ఆయన కంటే చిన్నవాణ్ణి, కోస్తా నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ అన్యాయం నిజమైనదే, దాన్ని నేను ఇవాళ్టికీ తక్కువ చెయ్యను. బాపు సమ్మెలోకి దిగాడు. అయితే సమ్మె శిబిరంలో తోటివాళ్ళు ఆయన్ను ఆటపట్టించేవారు. మీ గుళ్ళో ఆంధ్రావాడి ముందు మోకాళ్ళూని, ఇక్కడికొచ్చి జిందాబాద్ అంటావా, అసలు మీ దేవుడెటు, మీరెటు అని. ఆ మాటలు మోసుకొచ్చిన రోజున ఆయన అన్నం తినేవాడు కాదు. మాకు ఊళ్ళో ఉన్న చోటే అంతంత మాత్రం. రేపు రాష్ట్రం వస్తే అందులోనూ బయటివాళ్ళమే అవుతామేమోనని ఆయన భయం.

బాపు ఆ నెలల్లో బైబిలు చదివినంతగా ఎన్నడూ చదవలేదు. ఐగుప్తు దాస్యం, వాగ్దాన దేశం అంటూ, దాసులైన జనాన్ని దేవుడు సముద్రం దాటించి వాళ్ళ దేశానికి నడిపించిన కథను పెద్దలను కూర్చోబెట్టి చెప్పేవాడు. కృష్ణానది ఎర్రసముద్రమైంది. ఆ కథలో దాస్యంలో ఉన్నవాళ్ళే మూటాముల్లె సర్దుకొని నడిచిపోయారు. మా కథలో మేం కదలం, అవతలివాళ్ళే పోవాలి. ఈ తేడా అప్పుడు మాకెవరికీ తట్టలేదు, నాకు కూడా. బాపు మాట్లాడుతుంటే గర్వంగా వింటూ కూర్చున్నాను.

సంఘ పెద్దలు అయ్యగారిని మా ఇంటికే పిలిపించారు. నేను చాయ్ గ్లాసులు అందిస్తున్నాను. బాపు మెల్లగానే మొదలుపెట్టాడు. "అయ్యగారూ, రేపు రాష్ట్రమొస్తది. అచ్చినంక మీరేం జేసిన్రని అందరు అడుగుతరు. గప్పుడు సూపెట్టనీకి మాకేదన్న ఉండాలె గద. ఉపాస ప్రార్థన పెడుదాం. మా రాష్ట్రం మాకియ్యమని మీ నోటితోనే అడగాలె." అయ్యగారు గ్లాసు కింద పెట్టారు. తర్వాత, "న్యాయం కోసం అడుగుతాను అన్నగారూ. మీ ఉద్యోగాల కోసం, జైల్లో ఉన్న పిల్లల కోసం అడుగుతాను. సరిహద్దు గీయమని మాత్రం దేవుణ్ణి నా చేత అడిగించకండి" అన్నారు. ఆయన వెళ్ళాక పెద్దలు తీర్మానించారు. ఆయన ఒప్పుకునేదాకా ఎవరూ పిడికెడు బియ్యం తేకూడదని.

ఆఫీసులో కుర్చీ లాక్కున్నవాడు బాపు చేతికి అందేవాడు కాదు. అతన్ని అక్కడ కూర్చోబెట్టినవాళ్ళు అసలే అందేవాళ్ళు కాదు. మా చేతికి అందే కోస్తా మనిషి ఒక్కడే, మేం పోసే బియ్యం మీద బతికేవాడు.

ఆ ఆదివారం గంప ఖాళీగా ఉంది. ఆ పై ఆదివారమూ అంతే. ఆయన మాత్రం ఎప్పటిలాగే ప్రసంగం చేశారు, హార్మోనియం తాళం తప్పారు, నవ్వారు కూడా. మా ఇంట్లో నాయినమ్మ మానకుండా పూటపూటకూ పిడికెడు తీస్తూనే ఉంది, అలవాటుపడ్డ చెయ్యి ఆగలేదు. కుండ నిండింది. కొడుకు మాట కాదని దాన్ని చర్చికి మోసుకుపోయే ధైర్యం ఆమెకూ రాలేదు, నాకూ రాలేదు. ఇంకో ఆదివారం గడిచాక అయ్యగారు తనే బాపు దగ్గరికి వచ్చి, అడుగుతానని చెప్పి వెళ్ళారు. బాపు ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

ఉపవాస కూటం శుక్రవారం పెట్టారు. సమ్మెలో ఉన్న ఉద్యోగులను బాపు ప్రత్యేకంగా పిలిచాడు, వాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. అయ్యగారు మోకాళ్ళూని, "తండ్రీ, వీళ్ళ రాష్ట్రం వీళ్ళకు ఇవ్వు" అన్నారు. ఒక్కటే మాట, గట్టిగా, స్పష్టంగా. మేమంతా కప్పు లేచిపోయేలా ఆమెన్ అన్నాం. వెనకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బాపు ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

సాయంత్రం ఉపవాసం విడిచాక అందరం వేపచెట్టు కింద బంతిగా కూర్చుని తినడం ఆచారం. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. నాయినమ్మ అన్నం వడ్డిస్తోంది. అయ్యగారి పిల్లలు ముగ్గురూ వరసలో చివరన కూర్చున్నారు. వాళ్ళు కూర కోసం చూడలేదు, చారు కోసం ఆగలేదు. వట్టి అన్నమే, మాట్లాడకుండా, తల ఎత్తకుండా తిన్నారు. ఆకు ఖాళీ కాగానే మళ్ళీ చెయ్యి చాపారు. మూడోసారి చాపబోయిన చిన్నదాని చెయ్యిని వాళ్ళమ్మ పట్టుకొని ఆపింది. నాయినమ్మ అన్నం గంపతో అట్లాగే నిలబడి బాపు వైపు తిరిగింది. "కొడుకా, మనం పొద్దటి సంది ఉపాసమున్నం. ఈ పిల్లలు ఎన్నొద్దుల సంది ఉన్నరో ఎరుకేనా? నీ రాష్ట్రంల గీళ్ళకు బువ్వ పెడ్తరా, పెట్టరా, గదొక్కటి చెప్పు" అంది. అయ్యగారే, "అమ్మా, మీరు ఊరుకోండి, పిల్లలు ఆటల్లో పడి మధ్యాహ్నం తినలేదు" అని అబద్ధమాడి మమ్మల్ని కాపాడబోయారు. అది ఉపవాసపు రోజని ఆ గాభరాలో ఆయన మరిచిపోయారు.

ఆదివారానికి ప్రతి ఇంటి నుంచీ మూటలకు మూటలు బియ్యం వచ్చాయి. గంప నిండి నేల మీద కుప్ప పోశారు. తీసుకోవడానికి అయ్యగారు లేరు. శనివారం పొద్దున, కేసముద్రం మార్కెట్‌కు వడ్లు తోలుకుపోయే బండిలో పెట్టె, హార్మోనియం, పిల్లలను ఎక్కించుకొని వెళ్ళిపోయారట. మానుకోట స్టేషన్లో ఎక్కితే మనవాళ్ళు చూసి బాధపడతారని, వెనక్కి అంత దూరం పోయి కేసముద్రంలో బెజవాడ బండి ఎక్కారని బండివాడు చెప్పాడు. దేవుడికని తీసిన బియ్యం మళ్ళీ ఇంట్లో వండుకోకూడదు. అవి అట్లాగే ఉండి పురుగు పట్టాయి. పడెయ్యడానికి కూడా చాలా రోజులు ఎవరూ ముందుకు రాలేదు.

ఉద్యమం చల్లారింది. ఒకటి రెండేళ్ళు తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. బాపుకు ప్రమోషన్ ఇచ్చి కొడకండ్ల వైపు వేశారు, ఆ వార్త ఆయన ఇంట్లో కూడా తలవంచుకొనే చెప్పాడు. నేను నర్సింహులపేట బడిలో టీచరునయ్యాను. చర్చిలో రాష్ట్రం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ బంతి గుర్తొస్తుంది. ఎనభైల్లో, బాపు రిటైరై ఆరోగ్యం చెడ్డాక, ఒకరోజు ఉన్నట్టుండి, "బిడ్డా, అయ్యగారిని ఒక్కసారి సూపియ్యి" అన్నాడు. ఆ వైపు చర్చిల్లో వాకబు చేసి, సెలవు పెట్టి నేనే తీసుకుపోయాను.

అయ్యగారు ముసలివారై, చిన్న పెంకుటింట్లో పెద్దకొడుకు దగ్గర ఉన్నారు. ఆయన భార్య పోయి అప్పటికి చాలా కాలమైందట. బాపును చూడగానే, "అన్నగారూ, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా" అంటూ రెండు చేతులూ పట్టుకున్నారు. మా నాయినమ్మ గురించి అడిగి, లేదని తెలిసి కళ్ళు తుడుచుకున్నారు. భోజనాలకు కూర్చోబెట్టి, మాకు కొసరి కొసరి వడ్డించారు. చేతులు కడుక్కొని లేవబోతుంటే, "ఒక్క నిమిషం కూర్చోండి, ఇవాళ శుక్రవారం కదా" అని కళ్ళు మూసుకున్నారు. "తండ్రీ, వీళ్ళ రాష్ట్రం వీళ్ళకు ఇవ్వు" అన్నారు. కోడలు ఆమెన్ అని, ప్రతివారం ఉండే పనే అన్నట్టు ఆకులు తియ్యడం మొదలుపెట్టింది.

"అయ్యగారూ, ఆ ముచ్చట మేం ఎప్పుడో ఇడిసిపెట్టినం" అన్నాడు బాపు.

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదండీ" అన్నారు అయ్యగారు, ఏ నిష్ఠూరమూ లేకుండా. తర్వాత కాస్త సిగ్గుపడుతున్నట్టే, "ఆ రోజు నేను ఆకలికి తాళలేక అడిగాను అన్నగారూ. మోకాళ్ళ మీద దేవుడికి అబద్ధం చెప్పినట్టయింది. దాన్ని నిజం చెయ్యాలంటే, కడుపు నిండిన రోజున కూడా అడగాలి కదా. అందుకని శుక్రవారాలు భోజనమయ్యాక అడుగుతున్నాను. డెబ్బైరెండులో ఇక్కడా గొడవలు జరిగినప్పుడు, మన రాష్ట్రం అడక్కుండా వాళ్ళది అడుగుతావా అని మావాళ్ళు తిట్టారు లెండి. అడగ్గా అడగ్గా, ఇప్పుడు నాకూ నిజంగానే రావాలనిపిస్తోంది" అన్నారు.

బాపు తల నేలకు వాలిపోయింది. క్షమించమని అడగడానికి అంత దూరం వచ్చిన మనిషి, ఆ మాట అనలేకపోయాడు. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చున్నాడు. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు, తర్వాత కొన్నేళ్ళకు అయ్యగారూ పోయారు.

రాష్ట్రం వచ్చిన రోజున మా వీధిలో పటాసులు కాలుస్తుంటే నేనూ సంతోషపడ్డాను, కాదనను. ఆ వెంటనే ఆ రాష్ట్రాన్ని మానకుండా అడిగిన గొంతు గుర్తొచ్చి, తలుపు వేసుకొని లోపల కూర్చున్నాను. ఏళ్ళు గడిస్తే సిగ్గు పలచబడుతుందని అనుకునేదాన్ని. ఆ బంతిలో కూర్చున్న పెద్దలు ఒక్కొక్కరే పోయి చివరికి నేనొక్కదాన్నే మిగిలేసరికి, అందరి వంతూ నా ఒక్కదాని మీదే పడింది.