తెర మీది విధానసౌధ

ముదిగుబ్బలో ఫొటో స్టూడియో నడిపిన మా చిన్నాయన బెంగుళూరు ఎన్నడూ చూడలేదు. లారీ డ్రైవర్లందరినీ "ఆడ అన్నిటికంటే గొప్పది ఏదప్పా?" అని అడిగి అడిగి, చివరికి అక్కడి అసెంబ్లీ భవనం విధానసౌధనే ఎంచుకుని, స్టూడియోలో వెనక కట్టే తెర మీద గీయించాడు. కరువుకు బెంగుళూరు కూలికి పోయేవాళ్ళు బస్సెక్కేముందు ఆ తెర ముందు నిలబడేవాళ్ళు. ఆయన ఒక్కొక్కరి గడ్డం పట్టి ముఖం సరిచేస్తూ, "తలెత్తప్పా, ఎంత పెద్ద మేడ ముందర ఉండావో!" అనేవాడు.

అలా పోయిన జంట ఒకటి కొన్నేళ్ళకు బిడ్డతో తిరిగి వచ్చింది.

"అసలుది నా తెర మాదిరే ఉండాదా?" చిన్నాయన ఆత్రంగా అడిగాడు.

"మేం యాడ చూసినామన్నా? పొద్దున లేస్తే ఇటుకలు మోసేదే," అందామె. "బిడ్డకు చూపిద్దామనే నీ కాడికి తెచ్చినాము."

బిడ్డ వెనక్కి తిరిగి తెరనే చూస్తోంది. చిన్నాయన ఆ గడ్డం ముట్టుకోలేదు. అలాగే ఫొటో తీశాడు.